ఐమాక్స్ అంకుల్

తెల్లాపూర్‌లో ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లినా, అసోసియేషన్ ఎన్నికలతో పనిలేని శాశ్వత పదవులు కొన్నుంటాయి. వాకింగ్ ట్రాక్ మీద షుగర్ లెక్కలు చెప్పేవారు ఒకరు. లిఫ్ట్‌లో కొల్లూరు భూముల ధరలు చెప్పేవారు ఇంకొకరు. తెర కొలతలు చెప్పేవారు మూడోవారు. ఈ మూడోవారికి పిల్లలు పెట్టిన పేరు ఐమాక్స్ అంకుల్. పెద్దలం కూడా అదే ఖాయం చేసుకున్నాం, ఆయన ఎదురుగా తప్ప.

మీరు శుక్రవారం రాత్రి సినిమాకు వెళ్లొచ్చారనుకోండి. శనివారం పొద్దున పాలప్యాకెట్ల దగ్గర దొరికిపోతారు. ‘సినిమా ఎలా ఉంది’ అని ఆయన అడగరు. ‘ఏ స్క్రీన్‌లో చూశారు, ఏ వరసలో కూర్చున్నారు’ అని అడుగుతారు. మీరు చెప్పగానే మొహంలో జాలి కనిపిస్తుంది. “అయితే పైన కొంత, కింద కొంత మీకు కట్ అయిపోయినట్టే” అంటారు. డబ్బులిచ్చి చూసిన సినిమాలో పైదీ కిందదీ ఎవరో కొట్టేశారని తెలిశాక ఆ పాలతో కాఫీ కూడా రుచించదు. కథ గురించి ఆయన అభిప్రాయమేమిటో ఇంతవరకు ఎవరికీ తెలియదు. అసలు ఉందో లేదో!

ఈ జబ్బు మూలం సూపర్‌స్టార్ కృష్ణ గారి దగ్గర ఉంది. తెలుగువాళ్లకు 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో సినిమాస్కోప్ చూపించిందీ, 1986లో ‘సింహాసనం’తో 70 ఎంఎం చూపించిందీ ఆయనే. ఆ రెండోది మన అంకుల్ తొమ్మిదేళ్ల వయసులో చూశారు. రాజ్యం ఎవరిదో, సింహాసనం ఎవరికి దక్కిందో ఇప్పుడడిగితే తడబడతారు. తెర ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండడం మాత్రం చేతులు చాచి చూపిస్తారు. చాచినప్పుడు పక్కన టీ కప్పు పెట్టకూడదు.

ఉద్యోగం రీత్యా న్యూజెర్సీలో పన్నెండేళ్లుండి, ‘ఆర్‌టూఐ’ (రిటర్న్ టు ఇండియా) అని స్నేహితులందరికీ మెయిల్ పెట్టి మరీ తిరిగొచ్చారు. అక్కడి విశేషాలడిగితే అందరూ మంచు గురించీ, పెరుగు గురించీ చెబుతారు. ఈయన మాత్రం జెర్సీ సిటీలోని లిబర్టీ సైన్స్ సెంటర్ గురించి చెబుతారు. 1993లో తెరిచిన ఆ మ్యూజియంలో తల మీద బోర్లించినట్టుండే ఐమాక్స్ డోమ్ ఉండేది. వ్యాసం 89 అడుగులు. 2017లో దాన్నే ప్లానెటేరియంగా మార్చారు. ఫ్యామిలీ మెంబర్‌షిప్ కార్డు ఇప్పటికీ పర్సులో ఆధార్ వెనకాల ఉంది.

ఆ రోజుల్లోనే ఓ మ్యూజియంలో భార్యాభర్తలిద్దరూ ‘ఎవరెస్ట్’ డాక్యుమెంటరీ చూశారట. ఆవిడ చెబుతారు: “టెన్సింగ్ కొడుకు జామ్లింగ్ వాళ్ల నాన్న ఎక్కిన కొండ తనూ ఎక్కుతాడండీ. ఆ ఏడే తుపాను వచ్చి పైన మనుషులు పోయారు. నాకు ఏడుపాగలేదు. పక్కకి చూస్తే ఈయన తెరకి వీపు పెట్టి కూర్చున్నారు. ప్రొజెక్టర్ వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తున్నారట!”

“ల్యాంప్‌ది పదిహేను కిలోవాట్లే” అంటారాయన, తన తప్పేమీ లేనట్టు.

ఆయన పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చెప్పేది వింటే సరుకుంది. మామూలు 70 ఎంఎం ఫిల్మ్ ప్రొజెక్టర్‌లో పైనుంచి కిందికి దిగుతుంది, ఒక్కో ఫ్రేమ్‌కి ఐదు రంధ్రాలు. ఐమాక్స్‌లో అదే ఫిల్మ్ అడ్డంగా పరిగెడుతుంది, ఫ్రేమ్‌కి పదిహేను రంధ్రాలు. అందుకే బొమ్మ మూడింతలు. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములంటే నిమిషానికి నూరు మీటర్లు దాటిపోతుంది. నలభై నిమిషాల సినిమాకి నాలుగు కిలోమీటర్ల రీలు! “ఇక్కణ్ణుంచి నల్లగండ్ల దాకా పరుచుకుంటూ పోవచ్చు” అంటారు. ఆదివారం సాయంత్రం ఆ రోడ్డు మీద రీలే ముందు చేరుతుందని నా నమ్మకం.

ఈ మహాతెర 1970లో జపాన్‌లోని ఒసాకా ఎక్స్‌పోలో పుట్టింది. 1973లో శాన్‌డియాగో సైన్స్ సెంటర్లో గుమ్మటం రూపమెత్తింది. ఆ తర్వాత పెరిగిందంతా చాలావరకు మ్యూజియాల నీడనే. తిమింగలాలు, అగ్నిపర్వతాలు, అంతరిక్షం; నలభై నిమిషాలు, గంభీరమైన గొంతు, అయిపోయింది. మన దేశంలో కలకత్తా సైన్స్ సిటీ 1997లోనే గుమ్మటం తెర పెట్టుకుంది. హైదరాబాద్‌కి మాత్రం ఐమాక్స్ 2003లో నెక్లెస్ రోడ్డు మీద, ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌తో పాటే వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ ఊరికి అదే న్యాయం. ఇంటర్వెల్ లేదు, సమోసా లేదు, హీరో ఎంట్రీ లేదు, చేపలున్నాయి రమ్మంటే మనవాళ్లు ఎందుకొస్తారు?

ఆ ప్రసాద్స్ పేరెత్తితే అంకుల్‌కి మరో పుండు రేగుతుంది. అప్పటి తెర 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు. అక్కడ ఐమాక్స్ పోయి పదేళ్లు దాటింది, ఇప్పుడున్నది పీసీఎక్స్ అనే తెర. ఊరు ఒప్పుకుంటేగా! ఓసారి ఇద్దరం ఆటో ఎక్కాం.

“ఐమాక్స్ కాడ దించాల్నా సార్?”

“అది ఐమాక్స్ కాదు బాబూ. ప్రసాద్స్.”

“అదే సార్, ఐమాక్స్ ప్రసాద్స్ కాడనే దించుత.”

ఖైరతాబాద్ ఫ్లైఓవర్ దిగేదాకా పాఠం నడిచింది. ఆటో అతను అంతా ఓపిగ్గా విని, దిగేటప్పుడు ఫోన్ తీసి ఎవరికో చెప్పాడు: “ఐమాక్స్ కాడ ఉన్ననే, వస్తున్న.”

మొన్న వేసవిలో మా టవర్ పిల్లలందరినీ వెంటేసుకుని బిర్లా సైన్స్ సెంటర్‌కి బయల్దేరారు. లింగంపల్లిలో ఎంఎంటీఎస్, లక్డీకాపూల్‌లో దిగుడు, అక్కణ్ణుంచి నౌబత్ పహాడ్. తోడు పెద్దవాళ్లు కావాలన్నారు కాబట్టి నేనూ ఉన్నాను. ప్లానెటేరియం 1985లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా మొదలుపెట్టినదని పిల్లలకి చెప్పబోయాను. అంకుల్ అప్పటికే టికెట్ కౌంటర్ దగ్గర తల లోపలికి పెట్టేశారు.

“డోమ్ డయామీటర్ ఎంత బాబూ?”

“పెద్దలెందరు, పిల్లలెందరు సార్?”

“అది కాదు, వ్యాసం...”

“వెనక లైన్ ఉంది సార్.”

షోకి టైముందని డైనోసార్ దగ్గరికెళ్లాం. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు. ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు, మన మట్టిలోంచి లేచిన జీవి. పిల్లలు నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. అంకుల్ తోక నుంచి తల దాకా అడుగులు లెక్కబెట్టుకుంటూ నడిచి, గార్డుని పక్కకి పిలిచారు.

“ఇది వన్ ఈజ్ టు వన్ స్కేలేనా?”

గార్డు ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఎముకల్నీ చూశాడు. “అది బొమ్మ కాదు సార్. గదే అది.”

లోపల సీట్లు వెనక్కి వాలాయి, దీపాలు ఆరాయి, నెత్తి మీద ఆకాశం తెరుచుకుంది. టవర్ల లైట్లు, క్రేన్ల లైట్లు, అవుటర్ రింగ్ రోడ్డు లైట్లు తప్ప ఇంకోటి ఎరగని తెల్లాపూర్ పిల్లలు. అన్ని చుక్కలు చూసేసరికి ఒకళ్లు ‘ఎడిటింగా ఇది?’ అన్నారు. అంకుల్ మాత్రం గుమ్మటానికి రేకులెక్కడ అతికారా అని వెతుకుతున్నారు. కాసేపటికి పట్టేశారు.

“అదిగో, ఆ తెల్లటి చార, ఈ చివర్నుంచి ఆ చివరికి. జాయింట్!”

మూడో క్లాసు పిల్ల చీకట్లో జవాబిచ్చింది: “అంకుల్, అది పాలపుంత.”

తిరుగు రైల్లో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అవమానమేమో అనుకున్నాను. చందానగర్ దాటాక తెలిసింది, మా క్లబ్‌హౌస్ పైకప్పుకి కొలతలు వేసుకుంటున్నారు.

ఆ నెల జనరల్ బాడీ మీటింగ్‌లో ప్రతిపాదన పెట్టారు: క్లబ్‌హౌస్‌లో పిల్లల కోసం పెద్ద తెర, నెలకో సైన్స్ ఫిల్మ్. పదకొండు స్లైడ్లు చూపించారు, అందులో తొమ్మిది అడుగుల మీదే. ట్రెజరర్ గారు జీఎస్‌టీ అడిగారు. బీ బ్లాక్ ఆంటీ సౌండ్ తన బెడ్‌రూమ్‌లోకి వస్తుందన్నారు. ఎవరో వెనక నుంచి, “తెర సరే, ఐపీఎల్ వేసుకోవచ్చా?” అన్నారు. ఆ ప్రశ్నతో హాల్లో నిద్రపోయేవాళ్లు కూడా లేచారు. రెండు నిమిషాల్లో తీర్మానం ఏకగ్రీవం. ఐపీఎల్ ఉన్నన్నాళ్లూ మ్యాచులు, సైన్స్ ఫిల్ముల సంగతి వీలునుబట్టి.

ఆయన లేచి నిలబడ్డారు. పాపం నొచ్చుకున్నారనుకున్నాం అందరం.

“సరే. కానీ వెడల్పు ఇరవై అడుగులకి తగ్గితే నేను ఒప్పుకోను.”

“ఇరవై రెండు పెట్టండి సార్, బౌండరీ లైన్ కూడా కనపడాలి” అన్నారు ట్రెజరర్ గారు. జీఎస్‌టీ సంగతి మళ్లీ ఎత్తలేదు.