మేడిపల్లి నల్లబల్లను నేను

నేను నల్లబల్లను. మేడిపల్లిలో వరంగల్ రోడ్డు పక్కన ఒక చాయ్ హోటల్ గోడ మీద ఉంటాను. నా మొదటి కొలువు సర్కారు బడిలో. అక్కడికి కొత్త బోర్డు వచ్చాక నన్ను పాత సామాన్లలో అమ్మేశారు. హోటల్ సేటు కొని, నల్లరంగు వేయించి, గల్లాపెట్టె పైన తగిలించాడు. నా ఎడమ సగం మీద చాయ్, ఉస్మానియా బిస్కెట్, సమోసా ధరలు. కుడి సగం గిరాకీలది. సినిమా అవార్డులు ప్రకటిస్తారన్న కబురు రాగానే అక్కడ ఎవరి జోస్యం వాళ్లు రాస్తారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు చాయ్ తాగించాలి. అదే పందెం.

నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియోలో సెట్లకు చెక్కపని చేసిన ఒక పెద్దాయన రోజూ సాయంత్రం వస్తాడు. అందరూ కాకా అంటారు. పోరగాళ్లు హీరో పేరు రాసి సుద్దముక్క పక్కన పెట్టేస్తే, ఆయన ఊరుకోడు. "హీరో పేరు అందరు రాస్తరు తమ్మీ. రీరికార్డింగ్ ఎవరిదో రాయి. సెట్టు ఎవరేసిన్రో రాయి" అంటాడు. నా మీద ఎక్కువ పేర్లు ఎక్కింది ఆయన పోరు వల్లనే.

లేపాక్షి బసవన్న పేరు మీద 1964లో మొదలైన నంది అవార్డుల చివరి ప్రకటన కూడా నేను చూశాను. 2017 నవంబర్‌లో మూడేళ్ల అవార్డులు ఒక్కసారే ప్రకటించారు. ఉత్తమ చిత్రాలుగా 2014కు 'లెజెండ్', 2015కు 'బాహుబలి', 2016కు 'పెళ్లిచూపులు'. ఏ సినిమా ఏ ఏడాదిదో గుర్తు తెచ్చుకునేసరికే పొద్దుపోయింది. ఆ తర్వాత నందులు ఆగిపోయాయి. నా కుడి సగం మీద ట్యూషన్ల ప్రకటనలు, టు-లెట్ నంబర్లు వెలిశాయి. అవార్డు లేకపోతే మంచి సినిమా రాకుండా పోదు. కానీ ఏది మంచిదో నలుగురు కూర్చుని తేల్చుకునే సందర్భం పోతుంది. ఆ లోటు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

2023 మార్చి 13 పొద్దున మాత్రం హోటల్ తెల్లవారకముందే నిండింది. ఆస్కార్‌లో 'నాటు నాటు'కు పోటీగా లేడీ గాగా పాట, రిహానా పాట ఉన్నాయి. "అంత పెద్దోళ్లు ఉండంగ మనకిస్తరా?" అని ఒక ఆటో అన్న అనుమానం. గోల్డెన్ గ్లోబ్ జనవరిలోనే వచ్చింది కదా అని మిగతావాళ్ల ధీమా. పేరు ప్రకటించగానే గ్లాసులు వణికేలా అరిచారు. కీరవాణితో కలిసి ఆ వేదికెక్కిన చంద్రబోస్‌ది ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగ. మేడిపల్లి మీదుగా పోయే ఈ రోడ్డే ఆ దిక్కుకు పోతుంది. ఆ పొద్దు నా మీద రాసినవాళ్లందరికీ అది సొంతింటి కబురే.

అదే ఏడాది ఆగస్టు 24న 69వ జాతీయ అవార్డులు. 'పుష్ప'కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు. 1954 నుంచి ఇస్తున్న ఈ అవార్డుల్లో తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. శారద, అర్చన, విజయశాంతి, కీర్తి సురేశ్ తెలుగు సినిమాలకు ఉత్తమ నటి అవార్డు తెచ్చారు. మగవాళ్ల వైపు గడి అప్పటిదాకా ఖాళీ. పోరగాళ్లు సంబురపడుతుంటే కాకా నావైపు వేలు చూపించాడు. పాటలకు దేవిశ్రీ ప్రసాద్, 'నాటు నాటు' ఉన్న సినిమా నేపథ్య సంగీతానికి కీరవాణి అని ఆయన రాయించిన రెండు పేర్లూ నిలిచాయి. ఆ రెండూ వేర్వేరు పనులని చాలామందికి తెలిసింది ఆరోజే. 'కొండపొలం' పాటకు చంద్రబోస్ ఉత్తమ గీత రచయిత అయ్యాడు. ఆ సినిమా పేరు నా మీద ఎవరూ రాయలేదు. ఆ రాత్రి సేటు ఫోన్లో ఆ పాట పెడితే, గిరాకీలు చాయ్ చల్లారినా కదల్లేదు.

2025 మే 29న గద్దర్ పేరిట తెలంగాణ అవార్డులు వచ్చాయి. 'ఒరేయ్ రిక్షా' పాటకు వచ్చిన నందిని వద్దన్న మనిషి పేరు మీద సర్కారు అవార్డు పెట్టడం చిన్న సంగతి కాదు. 'కల్కి' ఉత్తమ చిత్రం, అల్లు అర్జున్ ఉత్తమ నటుడు అన్న జోస్యాలు నిజమయ్యాయి. రెండో ఉత్తమ చిత్రం 'పొట్టేల్' అని మాత్రం ఎవరూ ఊహించలేదు. బిడ్డను చదివించుకోవాలని తండ్రి పడే తండ్లాట ఆ కథ. మర్నాడు 2014 నుంచి 2023 దాకా ఒక్కో ఏటి ఉత్తమ చిత్రాలూ ప్రకటించారు, 2023కు 'బలగం'. ఆగస్టు 1న జాతీయ అవార్డుల్లో అదే 'బలగం' పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయితగా నిలిచాడు. ఆ సాయంత్రం నా మీద హీరోల పేర్లకంటే పాటల పేర్లే ఎక్కువ.

బడిలో ఉన్నప్పుడు నా మీద అక్షరాలు నేర్పారు. ఇక్కడ జోస్యాలు రాస్తూ జనం సినిమా చూడటం నేర్చుకుంటున్నారు. గెలుపు ఊహించాలంటే మాట, పాట, వెలుగు, సెట్టు, కూర్పు అన్నీ గమనించాలి. గమనించినవాళ్లకే ఆ పనుల విలువ తెలుస్తుంది. అందుకే ప్రభుత్వాలకు నా విన్నపం: అవార్డులు ఏ ఏటివి ఆ ఏడే, ఒక్క ఏడూ తప్పకుండా ఇవ్వండి. చదివే మీకు ఒక మాట: ఈసారి మీ జోస్యంలో హీరో పేరు పక్కన, తెరమీద కనిపించని ఒక పనివాడి పేరు కూడా రాయండి.