చౌక వెనక లెక్క: ఒక గుంత పొంగనాల పెనం ఆత్మకథ

నేను గుంత పొంగనాల పెనాన్ని. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తే ఈ రూపం వచ్చింది. ఒంటి నిండా పన్నెండు గుంతలు, పట్టుకోవడానికి అటొకటి ఇటొకటి చెవులు. నా కాపురం తిరుపతిలో ఒక తోపుడు బండి మీద. పక్కన దోసె పెనం, ఆ చివర బోండాల బాణలి. ఇలాంటి బండ్లు ఈ ఊళ్లో బస్టాండు చుట్టూ ఉన్నాయి, రుయా ఆసుపత్రి దారిలో ఉన్నాయి, యూనివర్సిటీ గేట్ల ముందు ఉన్నాయి. చిత్తూరుకు పోయినా మదనపల్లెకు పోయినా సాయంత్రమయ్యేసరికి ఇవే కనిపిస్తాయి. ఆత్మకథ చెప్పుకునేవాళ్ల బతుకుల్లో మలుపులుంటాయి. నా బతుకంతా ఒకే పని, పొయ్యెక్కి కాగడం. ఆ పనిలో నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది, దాన్ని చెప్పడానికే ఈ కథ. బండి మీద తిండి నాసిరకం కాబట్టి చౌకగా వస్తోందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. చౌకకు కారణాలు వేరే ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం మెచ్చుకోదగ్గవే. ఒక్క కారణం మాత్రం అన్యాయమైంది. ఆ అన్యాయాన్ని సరిచేయాల్సిన బాధ్యత బండిది కాదు, ఊరిది.

ముందు నా పని దగ్గర నిలబడి చూడండి. బియ్యం, ఉద్దిపప్పు, కాసిని మెంతులు నానబెట్టి రుబ్బిన పిండి రాత్రంతా పులుస్తుంది. పొద్దున అది దోసెలకు పోతుంది. సాయంత్రానికి పులుపెక్కిన పిండి నా దగ్గరికొస్తుంది. దోసెకు ఎక్కువైన పులుపే పొంగనానికి రుచి. మా సీమ ఇళ్లల్లో పొంగనాలు ఇలా నిలవ పిండిని పారబోయకుండా వాడుకునే ఉపాయంగానే బతికాయి. ఆ పిండిలో సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరేపాకు, జీలకర్ర, నానిన శెనగపప్పు కలుపుతారు. నేను బాగా కాగాక ఒక్కో గుంతలో నాలుగు చుక్కల నూనె. పిండి ముప్పావు వంతు వరకే పోయాలి, నిండా పోస్తే పొంగి పక్క గుంతలోకి పారుతుంది. మూత పెట్టి మంట తగ్గించాలి. అంచులు గుంతను వదిలి, పైన తడి ఆరీ ఆరకముందే సన్నటి ఇనప పుల్లను అంచు కిందికి దూర్చి ఒక్క తిప్పు తిప్పాలి. ముందు తిప్పితే చిరిగిపోతుంది, ఆలస్యమైతే లోపల ఎండిపోతుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో తిప్పే మనిషి చేతికి తెలుసు. పోత ఇనుము కాగడానికి ఆలస్యం, కాగాక చల్లారడానికీ ఆలస్యమే. అందుకే రెండో వాయికి సన్న మంట చాలు, గ్యాసు మిగులుతుంది. నెలల తరబడి వేసిన నూనె వేడికి గట్టిపడి గుంతల్లో నల్లటి పొరై కూర్చుంది కాబట్టి పిండి అంటుకోదు, నూనె మిగులుతుంది. పొద్దున కొన్న సరుకు రాత్రికి అయిపోతుంది, ఫ్రిజ్జు అక్కర్లేదు. వండే వస్తువులు నాలుగే, వండేది తినేవాడి కళ్లముందే. నంజుకోవడానికి చెనక్కాయల చెట్నీ. చెనక్కాయ ఈ జిల్లాల మెట్టచేలల్లో వాన మీద ఆధారపడి పండే పంట. ఇదంతా పొదుపు. ఇందులో కల్తీకి, నాసితనానికి తావెక్కడుంది?

నాలాంటి పెనాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పొరుగున తమిళులు కుళిపణియారం పోస్తారు, కన్నడిగులు పడ్డు అంటారు. జపాన్‌లోని ఒసాకా వీధుల్లో ఇలాంటి గుంతల్లోనే ఆక్టోపస్ ముక్కలు పెట్టి తాకోయాకి కాలుస్తారు. విదేశాల్లో నాకు అందరికంటే దగ్గరి చుట్టం వియత్నాం దక్షిణ తీరంలో ఉంది. అక్కడి వుంగ్ తావ్ పట్టణంలో బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి గుంతల్లో పోసి, పైన ఒక రొయ్యను పెట్టి బాన్ ఖొత్ అని అమ్ముతారు. ఆకుల్లో చుట్టుకుని చేపల రసంలో ముంచుకుని తింటారు. అదే వియత్నాంలో వీధి తిండికి ప్రపంచమంతా పేరు తెచ్చింది బాన్ మీ అనే శాండ్‌విచ్. 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు తమతో గోధుమ రొట్టెను తీసుకెళ్లారు. గోధుమ పండని దేశంలో అది దొరల బల్ల మీది వస్తువు. 1954లో దేశం రెండుగా చీలాక ఉత్తరం నుంచి లక్షల మంది సైగాన్‌కు తరలివచ్చారు. హనోయి నుంచి వచ్చిన ఒక జంట 1958లో హోవా మా అనే చిన్న అంగడి తెరిచింది. పళ్లెంలో విడివిడిగా పెట్టి తినే రొట్టె, మాంసం, కూరగాయలను ఒకే రొట్టెలో కూరి చేతికివ్వడం అలాంటి అంగళ్లలోనే స్థిరపడింది. కూర్చోవడానికి కుర్చీ లేకపోయినా, పనికి ఆలస్యమవుతున్నా నడుస్తూ తినొచ్చు. ఖరీదైన మాంసం తగ్గి, ఊరబెట్టిన ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర, మిరపకాయ ఆ చోటు నింపాయి. 1975 తర్వాత శరణార్థులతో పాటు అది అమెరికా, ఆస్ట్రేలియా చేరింది, అక్కడా కూలీనాలీ చేసుకునేవాళ్ల కడుపు నింపింది. రుచి తగ్గించి చౌక చేసినట్టయితే అది ఇన్ని దేశాలు తిరిగేదా? ఇంకో సంగతి కూడా చెప్పాలి. సైగాన్‌లో రొట్టె పరిచయం చేసిన ఫ్రెంచివాళ్లే ఆ 19వ శతాబ్దంలోనే పుదుచ్చేరి రేవు నుంచి మన ఆర్కాటు సీమల చెనక్కాయలను మార్సెయ్ నూనె మిల్లులకు ఓడల్లో తీసుకుపోయారు. చెనక్కాయ మొదట దక్షిణ అమెరికాది, మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. దూరం నుంచి వచ్చిన వస్తువును, ఖరీదైన వస్తువును అందరి నోటికీ అందించే పనిని సైగాన్‌లోనైనా తిరుపతిలోనైనా ఎక్కువగా వీధే చేసింది. పెద్ద హోటళ్లు ఆ తర్వాత నేర్చుకున్నాయి.

ఇక మా దగ్గర తినేవాళ్లెవరు? రోజూ అరవై డెబ్బై వేల మంది కొండ ఎక్కే ఊరిది. వాళ్లతో పాటు రుయాలో, స్విమ్స్‌లో రోగుల పక్కన ఉండేవాళ్లు, ఆటో డ్రైవర్లు, లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్లు, పొరుగు జిల్లాల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తిరుమలలో 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది, ఐదు రూపాయలకు అన్న క్యాంటీన్లో భోజనం పెడుతున్నారు, ఇక బండ్లు ఎందుకని. ఆ రెండూ గొప్ప పనులే. ఉచితంగా పెట్టే అన్నంతో నేను పోటీకి దిగను. కానీ అన్నదానం ఎక్కువగా కొండ మీద, క్యాంటీనుకు వేళలున్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకు వార్డులోంచి పది నిమిషాల కోసం బయటికొచ్చిన మనిషికి ఆ రెండూ అందవు. ఆ మనిషి రోగి మంచం దగ్గరికి మళ్లీ పరుగెత్తాలి. ఇంకోటి, తినేవాడికి తన డబ్బులతో తనకిష్టమైంది కొనుక్కునే హక్కు ఉండాలి. ‘అక్కా, ఒక ప్లేటు పొంగనాలు, కారం ఎక్కువెయ్’ అని అడిగినప్పుడు, ‘ఎర్రకారమా, చెట్నీనా నాయనా?’ అని బండి నడిపే ఆమె తిరిగి అడుగుతుంది. పేదవాడిని ఏం కావాలని అడిగే చోట్లు ఊళ్లో ఎక్కువ లేవు.

అన్నిటికంటే గట్టిగా వినిపించే అభ్యంతరం శుభ్రత గురించి. బండి మీద తింటే కడుపు చెడుతుందంటారు. చెడిన సందర్భాలు ఉంటాయి, లేవని నేను బుకాయించను. అయితే జబ్బు ఎక్కడి నుంచి వస్తుందో విడదీసి చూడాలి. నా గుంతల్లోంచి రావడం కష్టం. పులిసిన పిండిలోని ఆమ్లం చాలా రకాల చెడు సూక్ష్మజీవులను పెరగనివ్వదు. మూత కింద ఆవిరిలో లోపలిదాకా ఉడుకుతుంది, దించిన రెండు నిమిషాల్లో తినేస్తారు. వండి గంటలకొద్దీ ఉంచిన తిండిలో పెరిగే సూక్ష్మజీవులకు ఇక్కడ వ్యవధి దొరకదు. మళ్లీమళ్లీ కాచిన నూనె మాట బోండాల బాణలికి వర్తిస్తుంది. నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు 2018 నుంచి అమల్లో ఉంది, అది పాటించాల్సిందే. నా గుంతల్లో వేసిన నాలుగు చుక్కలు ఆ వాయితోనే అయిపోతాయి, మళ్లీ కాచడానికి మిగలవు. అసలు ప్రమాదం చెట్నీలో ఉంది. చెనక్కాయలు వేయించి, చింతపండు, తెల్లగడ్డ వేసి రుబ్బేటప్పుడు పోసిన నీళ్లు ఆ తర్వాత పొయ్యి మొహం చూడవు. రెండో ప్రమాదం ప్లేట్లు ముంచే బకెట్టులో. నీళ్లు చాలక చాలా బండ్ల మీద ప్లేటుకు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. కాగిన పొంగనం నేరుగా దాని మీద పడుతుంది. పొట్లం కట్టడానికి వార్తాపత్రిక వాడతారు, ఆ సిరా మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది కూడా. గమనించండి, కాగితం మాట పక్కన పెడితే మిగిలినవన్నీ నీళ్ల దగ్గరికే చేరుతున్నాయి. నీళ్లు క్యాన్లలో ఇంటి నుంచి మోసుకురావాలి, వాడిన నీళ్లు పారబోయడానికి కాలువ ఉండదు. పెద్ద హోటలు వంటగదికి కుళాయి, మురుగు పైపు ఉన్నాయి కాబట్టి దాని శుభ్రత దాని గొప్పతనంలా కనబడుతుంది. అదే కుళాయి బండి పక్కన ఉంటే ఈ అభ్యంతరంలో ముప్పాతిక వంతు తీరుతుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం తోపుడు బండిని కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోమంటుంది. అడగడం న్యాయమే. రిజిస్ట్రేషన్ అడిగే ప్రభుత్వం నీళ్లు కూడా ఇవ్వాలి కదా.

బండ్లు దారికి అడ్డమన్నది ఇంకో మాట. కాలిబాట నడిచేవాళ్లదే, వీల్‌చెయిర్‌లో వచ్చే రోగి దారిని ఏ బండీ మూయకూడదు. అయినా దీనికి దారి చూపే చట్టం ఎప్పుడో వచ్చింది. వీధిలో అమ్ముకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడి రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం అమల్లోకొచ్చింది. ఊళ్లో వ్యాపారులను సర్వే చేయాలి, ఆ సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. నిర్ణయించే పట్టణ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. జనాభాలో రెండున్నర శాతం మేరకు వ్యాపారులకు చోటు చూపాలని కూడా ఉంది. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఏళ్ల తరబడి చేరుతున్న చోట్లను సహజమైన బజార్లుగా ఆ చట్టం గుర్తిస్తుంది. ఆసుపత్రి దారికంటే, బస్టాండు కంటే సహజమైన బజారు ఏముంటుంది? గీత గీసి ఇంతవరకు నీది అని చెప్తే బండి గీత దాటదు. రేపు ఉంటామో లేదో తెలియనప్పుడే ఎవరైనా దొరికినంత ఆక్రమిస్తారు.

ఇప్పుడు నాకు జవాబు చెప్పడం కష్టమైన అభ్యంతరానికి వస్తాను. మీ పొదుపంతా సరే, ఈ చౌకతనంలో పెద్ద భాగం ఒక ఆడమనిషి కూలి తీసుకోకపోవడం వల్లే కదా అని అడగొచ్చు. నిజమే. పిండి రుబ్బడం, ఎర్రగడ్డలు తరగడం, నీళ్లు మోయడం, నన్ను తోమడం, తెల్లవారుజామున లేవడం, రాత్రి పదకొండుకు గిన్నెలు కడగడం ఏ లెక్కలోనూ లేవు. ప్లేటు ధరలో బియ్యం ఉంది, నూనె ఉంది, గ్యాసు ఉంది. ఆమె నిద్ర లేదు. చౌకకు ఉన్న కారణాల్లో ఒకటి అన్యాయమైందని మొదట చెప్పింది దీని గురించే. ధర పెంచితే సరిపోతుందని కొందరంటారు. కానీ కొనేవాడు ఆటో తోలేవాడు, వార్డు బయట పడుకునేవాడు. ఆమె కూలి మొత్తాన్ని వాళ్ల జేబులోంచి తీయాలంటే ఒక పేదవాడి భారం ఇంకో పేదవాడి నెత్తికెక్కుతుంది. అప్పులిచ్చే పథకాలు వచ్చాయి. 2020లో కేంద్రం స్వనిధి కింద పది వేల రూపాయల అప్పుతో మొదలుపెట్టింది. వడ్డీకి తెచ్చుకునే బాధ కొంత తగ్గి ఉంటుంది, మంచిదే. కానీ అప్పు ఆమె పని గంటలను తగ్గించదు. ఆ గంటల్లో ఎక్కువ భాగం వంటకు పోవడం లేదు, నీళ్లు మోయడానికి, బండి తోయడానికి, రోజూ విప్పి మళ్లీ కట్టడానికి, ఎవరైనా లేపేస్తారేమోనని కాచుకోవడానికి పోతున్నాయి. చోటు స్థిరమైతే బండి అక్కడే తాళం వేసుకోవచ్చు. కుళాయి ఉంటే మోత తప్పుతుంది, కాలువ ఉంటే మురికినీళ్లు తిరిగి మోసుకెళ్లక్కర్లేదు, ఒక వీధిదీపం ఉంటే బ్యాటరీ అద్దె మిగులుతుంది. వీటికయ్యే ఖర్చు ఊరంతా పంచుకుంటే ఒక్కొక్కరి మీద పడేది స్వల్పం. పన్ను కట్టేవాడు ఎందుకు భరించాలంటే, లాడ్జీలు, ఆసుపత్రులు, కాలేజీలు ఇచ్చే జీతాలతో వాళ్ల పనివాళ్ల కడుపు నిండుతోందంటే అందులో ఈ బండి వాటా ఉంది కాబట్టి. ఇన్నేళ్లూ ఆ వాటాను ఆమె ఒక్కతే తన ఒంటి కష్టంతో కడుతూ వచ్చింది. మున్సిపల్ బడ్జెట్లో బస్టాండు దారికి, రుయా దారికి కుళాయిలు, కాలువలు అని ఒక పద్దు రాసుకుంటే అందులో కొంతైనా ఆమెకు తిరిగి చేరుతుంది.