మొదటి కారా? ముందు నన్నడగండి

నాకు కారు లేదు. అందుకే పెట్రోలు వైపూ మొగ్గను, కరెంటు వైపూ మొగ్గను. నా సలహా మీద చుట్టాల్లో నలుగురు కార్లు కొన్నారు. వాళ్లలో ఇద్దరు నాతో ఇంకా మాట్లాడుతున్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను, రాసుకోండి.

మొట్టమొదట సంక్రాంతి గురించి ఆలోచించండి. ఇల్లు కూకట్‌పల్లి, ఆఫీసు మాదాపూర్, రానూపోనూ పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. అది వదిలెయ్యండి. రోజూ తిరిగే దారిని బట్టి ఎవరైనా కారు కొంటారా? భోగి ముందురోజు అమలాపురం వెళ్లాలి, అదీ లెక్క. విజయవాడకే 275 కిలోమీటర్లు, పంతంగి టోలు దగ్గరే తెల్లారుతుంది. ఆ ఒక్క రాత్రి ధీమా కోసం ఏడాది పొడుగునా లీటరు 107 రూపాయలు పెట్టి పోయించుకుంటే తప్పేముంది?

కాదు, కరెంటు బండే అన్నారా? అయితే బ్రోషరును వేదంలా నమ్మండి. 400 కిలోమీటర్లని ఉంటే 400 వచ్చి తీరుతుంది. అది రోలర్ల మీద తిప్పి తేల్చిన అంకె, మే నెల ఎండలో ఏసీ వేసి, అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తాతో హైవే మీద దూసుకెళ్తే అంత రాదు అంటారు కొందరు. గిట్టనివాళ్లు. ఛార్జర్ల యాప్‌లు కూడా ముందే దించుకోకండి. కోదాడలో, సిగ్నలు ఒక్క గీతే ఉన్నప్పుడు, వెనక సీట్లో అత్తగారు ‘ఇంకెంతసేపు బాబూ’ అంటుండగా దించుకుంటే బాగా గుర్తుంటాయి. 80 శాతం దాటాక ఛార్జింగు నత్తనడకన సాగుతుంది. వెనక ముగ్గురు కాచుకుని ఉన్నా సరే, 100 అయ్యేదాకా కదలకండి.

ఇంటి దగ్గర ప్లగ్గు సంగతి బండి వచ్చాక చూసుకోవచ్చు. మా మేనల్లుడికి అదే చెప్పాను. వాడి ఫ్లాటు నాలుగో అంతస్తు, పార్కింగు కింద. అసోసియేషను మీటింగులో లిఫ్టు గొడవే తేలక వీడి మీటరు వైరు ఊసే రాలేదు. దాంతో బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షను వైరు దించాడు. అది మూడో అంతస్తు ఆవిడ గుమ్మడి వడియాల మీదుగా, రెండో అంతస్తు తులసికోట చుట్టి కిందికి దిగింది. అర్ధరాత్రి పట్టుకుని చూస్తే ప్లగ్గు దోసెల పెనంలా ఉంది. విడిగా లైను, 16 యాంపుల సాకెట్టు, సరైన ఎర్తింగు కావాలని ఎలక్ట్రీషియను తరవాత తిట్టాడనుకోండి. 30 యూనిట్ల బ్యాటరీ 3.3 కిలోవాట్ల ఛార్జరుతో నిండడానికి తొమ్మిది, పది గంటలు పడుతుందట. రాత్రంతా ఆ వైరుకు కాపలా కాసింది మా అక్క. వడియాలావిడ కూడా మేలుకునే ఉంది, కారణం వేరు.

లెక్కలు మాత్రం వెయ్యకండి. వేస్తే ఇలా తేలుతుంది: సిటీలో పెట్రోలు బండి లీటరుకు 15 ఇస్తే కిలోమీటరుకు ఏడు రూపాయల పైనే. ఇంట్లో యూనిటు పది రూపాయలు పడ్డా, యూనిటుకు ఆరు కిలోమీటర్లే నడిచినా, కరెంటుకు రెండు రూపాయలు దాటదు. రెండు బళ్ల ధరలో తేడా మూడు లక్షలనుకుంటే అది రాబట్టడానికి దాదాపు 55,000 కిలోమీటర్లు తిరగాలి. నెలకు 1,500 తిరిగేవాడికి మూడేళ్లు. ఆదివారం గుడికీ, పెళ్లిళ్లకీ కలిపి 300 తిరిగేవాడికి పదిహేనేళ్లు. చూశారా, ఒక్క భాగహారంతో నా సలహాలన్నీ దండగైపోయాయి! అందుకే కాలిక్యులేటరు జోలికి పోవద్దంటాను.

తెలంగాణలో కరెంటు బళ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషను ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకానే అన్నారు. తొందరపడకండి. మంచి ముహూర్తం ఆ తరవాతే ఉంటే ఆ తరవాతే కొనండి.

ఇక పూజ. పెట్రోలుదైనా, పచ్చ నంబరు ప్లేటుదైనా టైరుకొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలే. మేనల్లుడి బండికి పెద్దమ్మ గుడి దగ్గర నేనే పెట్టాను. ఇంజను చప్పుడు లేదు కదా, స్టార్టు కాలేదేమోనని పక్కటైరు కింది నిమ్మకాయ సర్దబోయాను. అది చిట్లి, రసం సూటిగా నా కంట్లో పడింది.