దిష్టి తెగులు

కొబ్బరికి సంక్రమించు తెగుళ్ళ జాబితా చిన్నది కాదు. కొమ్ముపురుగు కలదు, ఎర్రముక్కు పురుగు కలదు, నల్లతల గొంగళి కలదు, కాయ ముచ్చిక క్రింద దాగి రసము పీల్చు ఇరియోఫిడ్ నల్లి కలదు, ఆకుల అడుగున తెల్లని ముగ్గులు పెట్టు సర్పిలాకార తెల్లదోమ కలదు, మొవ్వుకుళ్ళు కలదు, మొదలంటుకొని పైకి ప్రాకు గానోడెర్మా కలదు. అంబాజీపేట పరిశోధన స్థానమందలి పండితులు వీనికి లక్షణములు వ్రాసి, మందు చెప్పి, మోతాదు నిర్ణయించి, రైతులకు బోధించుచున్నారు. అయినను వారి శాస్త్రము అసమగ్రమని మనవి చేయక తప్పదు. ఏలయన, అమలాపురము మొదలుకొని అంతర్వేది వరకు రావిచెట్టు క్రింది అరుగుమీదను, టీకొట్టు బల్లమీదను కూర్చుండు ప్రతివానికిని తెలిసిన మహావ్యాధి యొకటి వారి జాబితాలో మచ్చునకైనను కానరాదు. దాని పేరు దిష్టి.

ఈ వ్యాధి లక్షణములు అద్భుతములు. తక్కిన తెగుళ్ళు గాలిచేతనో నీటిచేతనో పురుగుచేతనో ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు ప్రాకవలెను. ఇది చూపుచేత ప్రాకును. రోగకారకుడు తోటలో అడుగిడనక్కరలేదు, చెట్టును తాకనక్కరలేదు; "అబ్బ, ఎంత పచ్చగా ఉందిరా" అని మనసులో అనుకొన్నచో చాలును. దీనిని నిర్ధారించు విధానము మా నాయనమ్మ నాకు బాల్యముననే బోధించినది. ఉప్పును ఎండుమిరపకాయలను పిడికిట పట్టి, బిడ్డ తలచుట్టు ముమ్మారు త్రిప్పి, పొయ్యిలో వేయవలెను. కోరు లేచి ఇల్లంతయు దగ్గినచో దిష్టి లేదన్నమాట. కోరు రాలేదా, దిష్టి ఘోరముగా తగిలినదన్నమాట, అదియు ఆ క్షణముననే పోయినదన్నమాట. ఓడిపోవుటకు దారియే లేని ఇట్టి పరీక్షను కనిపెట్టిన మేధావికి ఏ విశ్వవిద్యాలయమును పట్టమియ్యకపోవుట శోచనీయము.

మా నాయనమ్మను నేను పరిహసించుట లేదు. ఆమె పెరిగిన లోకములో మశూచి వ్యాధి కాదు, అమ్మవారు. గుమ్మమునకు వేపమండలు కట్టి, పోపు ఘాటు బయటకు రానీయక, తల్లి తనంతట తాను శాంతించువరకు ఎదురుచూచుటయే చికిత్స. 1980 మేనెల 8వ తేదీన మశూచి భూమండలముపై లేకుండ పోయినదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించినదనియు, అందుకు కారణము టీకాయేననియు నేను చదివి వినిపించినప్పుడు, ఆమె కొంతసేపు ఆలోచించి, "అమ్మవారే టీకాకి ఒప్పుకుందిరా" అని సరిపెట్టుకొన్నది. దేవతచేతనైనను టీకాకు అంగీకారము వ్రాయించుకొనగల ఆ ఔదార్యము, చదువుకొన్న దిష్టిపండితులలో నాకు నేటివరకు తటస్థపడలేదు.

ఈ దిష్టి వ్యాధికి అధికార గౌరవము లభించినది 2025 నవంబరులో. రాజోలు ప్రాంతమున శంకరగుప్తం డ్రెయిను పొడవునను కొబ్బరితోటలు తలలు రాలి మోడులై, దూరమునుండి చూచువారికి స్తంభములు పాతిన శ్మశానమువలె కనబడుచుండగా, రాష్ట్ర ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు కేశనపల్లి వచ్చి చూచిరి. వచ్చుట మంచిపని, రైతుల గోడు వినుట అంతకంటెను మంచిపని. కాని ఆ సందర్భముననే, కోనసీమ పచ్చదనమునకు తెలంగాణ నాయకుల దిష్టి తగిలినదన్న అర్థము వచ్చునట్లు వారొక మాట సెలవిచ్చిరి. అంతట గోదావరికి ఆవలనుండి తెలంగాణ మంత్రులు ఆయన క్షమాపణ చెప్పవలెననిరి. ఈవలనుండి ఆయన పార్టీవారు మాటలను వక్రీకరింపవద్దనిరి. కొన్ని దినములు రెండు రాష్ట్రముల నడుమ కొబ్బరిమట్టలతో యుద్ధము సాగినది. ఆ సంకులసమరమున డ్రెయిను పేరుకంటె చూపు పేరే మిక్కుటముగా వినబడినది.

సిద్ధాంతమును కాదనుటకు ముందు దానిని గౌరవించి, పరీక్షింపవలెను గదా. హైదరాబాదున బయలుదేరిన చూపొకటి సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణము చేసి కోనసీమ చేరినదనుకొందము. దారిలో కొత్తపేట తగిలినది. అచ్చటి తోటలు నిక్షేపముగా నున్నవి. అంబాజీపేటలో రాసులు పోసిన కాయలను చూచియు చూడనట్లు పోయినది. అమలాపురము పచ్చదనము దానికి ఆనలేదు. దశాబ్దములుగా సినిమావారు కెమెరాలు పట్టుకొని వచ్చి, పగలు రేయి అనక కన్నులప్పగించి చూచి పోయిన తోటలున్నవి, లోకమున దిష్టి యనునది ఉన్నయెడల ముందుగా మాడిపోవలసినవి అవియే, వానికేమియు కాలేదు. ఇన్నిటిని విడిచిపెట్టి ఆ చూపు తిన్నగా వచ్చి శంకరగుప్తం డ్రెయిను గట్టు పట్టుకొని, పోటునీరు ఎంతవరకు ఎక్కునో అంతవరకే పోయి, మెరకతోట అడ్డము వచ్చినచోట ఆగి వెనుదిరిగినది. పల్లము మెరక తెలిసిన ఇటువంటి చూపును నేను ఇంజనీర్లలో సయితము తరచుగా చూడలేదు.

ఇంతకును ఆ హైదరాబాదులో ప్రతి దుకాణము గుమ్మమునను నిమ్మకాయ మిరపకాయలు వ్రేలాడుచుండును, కొత్తగా లేచిన ప్రతి మేడకును బూడిదగుమ్మడికాయ కట్టబడి యుండును. వారు ఎవరి చూపునకు జడిసి అవి కట్టుకొనుచున్నారో! ఒకరి దిష్టికి ఒకరు భయపడు రెండు రాష్ట్రముల మధ్య నదీజలముల పంపకము తెగకపోవుటలో వింత యేమున్నది?

ఇక చికిత్స సంగతి. దిష్టి తీయుటకు మన పెద్దలు చెప్పిన ద్రవ్యములలో ప్రధానమైనవి రెండు: ఉప్పు, కొబ్బరికాయ. కేశనపల్లి చెట్లకు ఈ రెంటిలో కొరత ఎన్నడును లేదు. కాయలు తలమీదనే యున్నవి. ఉప్పు మాట అడుగనే అక్కరలేదు. పిడికెడు కాదు, దోసెడు కాదు, దినమునకు రెండు పోట్లు చొప్పున బంగాళాఖాతమే స్వయముగా వచ్చి ఆ చెట్లచుట్టు ఉప్పు త్రిప్పి పోయినది. సృష్టి పుట్టిన తరువాత ఇంత శాస్త్రోక్తముగా దిష్టి తీయబడిన వృక్షము మరియొకటి లేదు. ఆ దిష్టి తీతతోనే అవి చచ్చినవి.

కొబ్బరి సముద్రతీరపు చెట్టు, కొద్దిపాటి ఉప్పును ఓర్చుకొనును. కాని దాని వేళ్ళకు గాలి కావలెను, కదలు నీరు కావలెను. ఉప్పునీరు మొదట చేరి రోజుల తరబడి నిలిచినచో వేళ్ళు ఊపిరాడక కుళ్ళును. పిందె రాలును, మట్టలు వ్రేలాడును, కొసకు మొవ్వు సడలి తల యూడిపడును. డెల్టా వ్యవసాయమునకు నీరు తెచ్చు కాలువ ఒక కన్నైనచో, నీరు తీయు మురుగుకాలువ రెండవ కన్ను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగించిన కాటను దొరకు ఊరూర విగ్రహములు నిలిపి, పూలమాలలు వేసి, నీరు తెచ్చు కంటికి కాటుక దిద్దుకొన్నాము. నీరు తీయు కంటిలో మాత్రము పూడికయు గుఱ్ఱపుడెక్కయు పెరుగనిచ్చితిమి. దిష్టి అని యేదైనను ఉన్నచో అది ఈ ఒంటికంటి చూపే.

ఈ మాట రైతునకు తెలియదని పట్టణవాసులు భ్రమపడుదురు. ఆ ప్రాంతపు పెద్దరైతు ఒకరితో నేను ముచ్చటించితిని. "ఆయ్, దిష్టేనండి. లేపోతే ఏడాదికి ఆరు దింపులు తీసిన తోట ఇలా మోడైపోద్దా అండి?" అన్నాడు. "మరి గట్టు అవతలి తోట పచ్చగానే ఉంది కదండీ, దానికెందుకు తగల్లేదు?" అంటిని. నావంక జాలిగా చూచి, "అది మెరక మీదుందండి. దానికి ఉప్పునీరు ఎక్కదు కదండి" అన్నాడు. రోగ నిదానము ఆయన నాలుక చివరనే యున్నది. దిష్టి అనుమాట, ఎవరిమీదను అర్జీ పెట్టి లాభము లేదని తెలిసినవాడు పెట్టు నిట్టూర్పు. ఆ నిట్టూర్పు రైతు నోట వచ్చినచో అర్థము చేసికొనవచ్చును. అర్జీలు పుచ్చుకొనవలసినవారి నోటనే వచ్చినచో రైతు ఎచ్చటికి పోవలెను?

మరియొక విశేషము. 1996 నవంబరు 6వ తేదీన తుపాను కోనసీమపై పడి, వేయిమందికి పైగా ప్రాణములను అసంఖ్యాకములైన కొబ్బరిచెట్లను పొట్టన పెట్టుకొన్నప్పుడు దానిని దిష్టి అన్నవాడు నాకు కానరాలేదు. గాలి అందరికిని కనబడినది. పిమ్మట 1998లో కేరళలో బయటపడిన ఇరియోఫిడ్ నల్లి మన తోటలకును ప్రాకి, కాయలు చిక్కి, గోధుమరంగు పెచ్చులు కట్టి, పగిలి బంక కారుచుండగా, వెంటనే దిష్టి అనిరి. భూతద్దము పెట్టి చూపిన తరువాత నల్లి అనిరి. వేరు ద్వారా వేపమందు ఎక్కించిరి. 2016లో తమిళనాడున పొల్లాచ్చి దగ్గర కనబడిన తెల్లదోమ మన గోదావరి జిల్లాలకు వచ్చి ఆకులకు మసి పూయగా మరల దిష్టి అనిరి. అంబాజీపేటవారు దోమను తిను అల్లికరెక్కల పురుగును, దోమను చంపు శిలీంధ్రమును పెంచి ఇచ్చిన తరువాత తెల్లదోమ అనిరి. కారణము కంటికి కనబడనంతకాలము మాత్రమే దిష్టి కంటికి కనబడునని దీనివలన తేలుచున్నది. శంకరగుప్తములో మాత్రము ఈ క్రమము తలక్రిందులైనది. భూతద్దము అక్కరలేనంత వెడల్పుగా, పడవ పట్టునంత లోతుగా కారణము కన్నులయెదుటనే పారుచుండగా, మనము తిరిగి దిష్టిని చేరుకొన్నాము.

"అయ్యా, అది నానుడి; అన్న మాటకెల్ల అర్థము లాగుదురా?" అని కొందరు కోపించుచున్నారు. నానుడియే కావచ్చును. పెండ్లిపీటలమీది దంపతులను చూచి ముత్తైదువ దిష్టి తగులునన్నచో ఎవరికిని నష్టము లేదు. కాని వైద్యుడు రోగి నాడి పట్టుకొని ఆ నానుడినే వాడినచో మందుల చీటీలో ఏమి వ్రాయును? దిష్టికున్న మహాగుణము ఇదియే: దానికి అంచనా వేయనక్కరలేదు, టెండరు పిలువనక్కరలేదు, ఏ యేటి పూడిక ఆ యేడు ఎందుకు తీయలేదని ఏ ప్రభుత్వమును ఏ శాఖయు జవాబు చెప్పనక్కరలేదు. నేరము చేసినవాడు పొరుగు రాష్ట్రమున నున్నాడు, ఆయుధము వాని కన్ను, సాక్ష్యము లేదు. తవ్వవలసిన గునపము కొట్టులోనే తుప్పుపట్టి సుఖముగా నుండును.

తల రాలిన కొబ్బరి మరల చిగుర్చదు; దానికి ఉన్నది ఒక్కటే మొవ్వు. ఆ నేల ఉప్పు వదలిన తరువాత కొత్త నాటురకపు మొక్క పెట్టినచో కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. అంతవరకు కేశనపల్లి రైతు తన ఇంటి గుమ్మమున దిష్టి తీయుటకు కొబ్బరికాయ కావలసివచ్చినచో, అంబాజీపేట పోయి కొనుక్కొనవలసినదే.