పరుగుకు పది లక్షలు!

ఐపీఎల్ వేలంలో లక్నో జట్టు రిషభ్ పంత్‌ను రూ.27 కోట్లకు కొన్నది. 2025 సీజన్‌లో ఆయన కొట్టినవి 269 పరుగులు, అందులో 118 ఆఖరి మ్యాచ్‌వే! పరుగుకు పది లక్షలు పడిందన్నమాట.

ఇక బొగ్గు గనుల ఊరు గోదావరిఖని లెక్క. 2023-24 లాభాల్లోంచి సింగరేణి బొగ్గు సంస్థ రూ.796 కోట్లు పంచితే పర్మినెంట్ కార్మికునికి సగటున రూ.1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికునికి ఐదు వేలు దక్కాయి. పంత్ ఒక్క సింగిల్ తీస్తే రెండు వందల మంది కాంట్రాక్టు కార్మికుల బోనస్ పరుగెత్తినట్టే!

గనిలో మస్టర్ (హాజరు) పడకపోతే జీతం కట్. క్రీజులో డకౌటైతే కోట్లు భద్రం!

బొగ్గు బ్లాకులను వేలం వేసే పెద్దలారా, ఈసారి కార్మికులను ఐపీఎల్ వేలానికి పంపండి. అక్కడ కనీస ధరే రూ.30 లక్షలు!