జాలరికీ పాపికీ ఒకటే లెక్క

ఫ్రెంచి భాషలో జాలరికీ పాపికీ అక్షరాలు అవే ఏడు. రెండో అక్షరం నెత్తిన టోపీ పెడితే చేపలు పట్టేవాడు, వాలుగీత గీస్తే పాపం చేసినవాడు. ఆ దేశంలో బడిపిల్లలకు కూడా తెలిసిన తేడా ఇది. జనం ఏ మాటను ఎన్నిసార్లు వెతుకుతున్నారో చెబుతానని నెలకు వంద డాలర్లకు పైగా చందా గుంజే కీవర్డ్ టూళ్లలో ఒకదాన్ని అడిగి చూడండి. టోపీ తీసేస్తుంది, గీత చెరిపేస్తుంది, ఇద్దరినీ ఒకే వల్లో వేసి ఒక అంకె చేతిలో పెడుతుంది. గాలాలు అమ్ముకునే వ్యాపారి ఆ అంకె చూసి మురిసిపోతాడు. అందులో సగం మంది పాపవిమోచన కోసం వచ్చినవాళ్లేమో, పాపం, ఆయనకేం తెలుసు?

సెర్చ్ వాల్యూమ్ అంటే ఒక మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతున్నారన్న అంచనా. దాన్ని అంచనా అని ఎవరూ అనరు, 'డేటా' అంటారు. ఆ మాట చెవిన పడగానే బుద్ధిమంతులు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు. ఈ డేటా ఎక్కువగా గూగుల్ వారి కీవర్డ్ ప్లానర్ బావిలోంచి తోడిందే. ఆ ప్లానర్ 2016లో రెండు ఘనకార్యాలు చేసింది. ఏకవచనం, బహువచనం, అక్షరదోషం లాంటి 'దగ్గరి రూపాల'ను ఒకే మూటగా కట్టి ఒకే అంకె చూపడం మొదటిది. ప్రకటనలకు పెద్దగా ఖర్చు పెట్టనివారికి ఆ అంకె కూడా ఇవ్వకుండా '1,000 నుంచి 10,000' అని చెప్పి పంపేయడం రెండోది. పెళ్లికొడుకు జీతం వెయ్యికీ పదివేలకూ మధ్య ఎక్కడో ఉంటుందంటే పిల్లనిచ్చేవాడు ఉంటాడా? ఇక్కడ మాత్రం లక్షల పెట్టుబడులు పెడుతున్నారు.

డబ్బు కట్టినవారికైనా కచ్చితమైన అంకె దొరుకుతుందా అంటే అదీ లేదు. 1,300 తర్వాత 1,600, ఆపైన 1,900, 2,400, 2,900. మధ్యలో ఏ అంకే ఉండదు. ప్రపంచంలోని జనమంతా కూడబలుక్కుని ఈ మెట్ల మీదే వెతుకుతున్నారన్నమాట.

టోపీ, గీత లాంటి యాక్సెంట్ గుర్తుల విషయానికొస్తే గూగుల్ ప్రకటనల శాఖది రెండు నాల్కల ధోరణి. గుర్తు ఉన్న మాటా లేని మాటా రెండు వేర్వేరు కీవర్డ్‌లని ఒకచోట రాసింది. ప్రకటన చూపించి డబ్బు వసూలు చేసేటప్పుడు మాత్రం అవి దగ్గరి రూపాలేనంది. ఇక ఆ బావి నీళ్లు తోడుకుని సీసాల్లో అమ్మేవాళ్లలో ఒకరు కలుపుతారు, ఒకరు విడదీస్తారు, ఇంకొకరు రెండు వరుసల్లోనూ అదే అంకె వేస్తారు. అప్పుడు, సెర్చ్‌లో మీ పేజీని పైకి తెస్తానని చెప్పే మన ఎస్ఈవో పండితుడు ఆ రెంటినీ కూడి, గిరాకీ రెట్టింపైందని క్లయింటుకు రంగుల పటం వేసి చూపిస్తాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నవాడు ఇతనికి తాతే అయ్యుండాలి.

తాత అంటే గుర్తొచ్చింది. పోర్చుగీసులో తాతకూ అమ్మమ్మకూ చివరి అక్షరం మీద టోపీయా గీతా అన్నదే తేడా. బ్రెజిల్లో కొబ్బరికాయ అన్న మాట చివర టోపీ పెడితే పసిపిల్లల గుడ్డల్లో ఉండే పదార్థం అవుతుంది. గుర్తులు ఊడ్చేసిన పట్టికలో కొబ్బరినూనె కంపెనీకీ డైపర్ల కంపెనీకీ ఒకటే మార్కెట్. వియత్నామీలో ఇంకా ఘోరం. 'మా' అనే ఒక్క మాటే గుర్తును బట్టి దయ్యం, అమ్మ, సమాధి, వరినారు అవుతుంది. నారుమడి కోసం వెతికిన రైతును దయ్యాల లెక్కలో రాసుకోవడానికి ఎంత సాంకేతిక పరిజ్ఞానం కావాలి!

లెక్క తప్పడం వరకైతే నవ్వి ఊరుకోవచ్చు. ఆ లెక్కను చూపించి భాషనే దిద్దమంటున్నారు. 'గుర్తు లేని రూపానికి వాల్యూమ్ ఎక్కువ కనిపిస్తోంది, పేజీలో గుర్తులు తీసేయండి' అని రాసేవాళ్లకు ఆదేశాలు. స్పానిష్‌లో సంవత్సరం అన్న మాటకు ఎన్ మీద అలగీత తీసేస్తే మిగిలేది పదిమందిలో పలకని దేహద్వారం. ఈ సలహా పాటించిన హోటల్ 'కొత్త సంవత్సరపు ఆఫర్లు' అని ప్రకటిస్తే అతిథులు ఏమని అర్థం చేసుకోవాలి? నిజానికి వెతికేవాడు బద్ధకించి గుర్తు లేకుండా కొట్టినా, సెర్చ్ ఇంజిన్ సాధారణంగా సరైన పేజీనే పట్టుకొస్తుంది. యంత్రానికి అర్థమైపోయిన సంగతి దాని పేరు చెప్పుకుని బతికే సలహాదారుకు అర్థం కాలేదు.

ఆ అలగీత అక్షరం కోసం స్పెయిన్ ఒక కూటమితోనే తగువు పడింది. కీబోర్డుల్లో ఆ అక్షరం తప్పనిసరి అన్న నిబంధనను 1991లో యూరోపియన్ కమ్యూనిటీ తప్పుపడితే, 1993లో ఏకంగా డిక్రీ తెచ్చి కాపాడుకుంది. గార్సియా మార్కేజ్ అంతటి రచయిత ఆ అక్షరం పక్షాన నిలిచాడు. అంత పోరాడి నిలుపుకున్న అక్షరాన్ని ఇప్పుడు ఒక డేటాబేస్ సెట్టింగు చడీచప్పుడు లేకుండా మింగేస్తోంది. మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్‌లో మామూలుగా వచ్చే అమరిక పేరులోనే 'ఏఐ' అని ఉంటుంది. కృత్రిమ మేధ అనుకునేరు, యాక్సెంట్‌ను పట్టించుకోను అని దాని అర్థం. మేధ లేదని ముందే ఒప్పుకున్న నిజాయతీపరురాలు.

మనకేం, మన అక్షరాలకు టోపీల్లేవు కదా అని తెలుగువాళ్లు నిశ్చింతగా ఉండనక్కర్లేదు. యాక్సెంట్లు తీసేయడానికి ప్రోగ్రామర్లు ఒకరి దగ్గర ఒకరు నకలు కొట్టుకునే నాలుగు వరుసల కోడ్ ఒకటుంది. అక్షరం మీదో కిందో అంటుకుని, తనకంటూ చోటు తీసుకోని గుర్తు అని కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ ముద్ర వేసిన ప్రతిదాన్నీ అది చెరిపేస్తుంది. మన దీర్ఘం, గుడి, ఎత్వం, ఓత్వం, పొల్లు ఆ జాబితాలో ఉన్నాయి. కొమ్మూ సున్నా లేవు, ఎందుకో ఆ యూనికోడ్ పెద్దలకే ఎరుక. ఈ కోడ్‌లో పడ్డ తాత తత అవుతాడు, కోడి కడ అవుతుంది, దీపావళి దపవళ అవుతుంది. తెలుగు కాస్తా తలుగు, అంటే పశువును కట్టే తాడు అవుతుంది. 2018లో గూగుల్ విడుదల చేసిన బెర్ట్ అనే కృత్రిమ మేధ బహుభాషా నమూనాల్లో ఒకటి ఇలాగే గుర్తులు గీకేసేది. దాన్ని వాడకండి, రెండోది వాడండి అని తర్వాత వాళ్లే రాసుకున్నారు.

మనవాళ్లు ఇంగ్లిషు అక్షరాల్లో వెతికేటప్పుడు జరిగేది దీనికి తిరగేసిన వింత. ఆవకాయను ఒకరు ఒక ఏతో, ఒకరు రెండు ఏలతో, ఒకరు చివర వైతో, మరొకరు ఐతో కొడతారు. వేరైనవాటిని కలిపేసే టూల్ ఇక్కడ ఒక్కటైనదాన్ని నాలుగు ముక్కలు చేసి, నాలుగింటికీ గిరాకీ అంతంతమాత్రమేనని తీర్పు చెబుతుంది.

కనుక ఈసారి ఎవరైనా రంగుల పటంతో మీ కొట్టుకొస్తే ఒక్క ప్రశ్న వేయండి: ఈ అంకె గుర్తున్న మాటదా, లేని మాటదా, రెంటిదీ కలిపా? జవాబు వచ్చేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి.