రోజుకు ఒక్క శిల్పమే చూడండి

ఫ్లోరెన్స్ వెళ్లేవాళ్లకు అందరూ చెప్పేది ఒకటే: టికెట్లు ముందే తీసుకో, లిస్టు రాసుకో, ఒక్కటీ వదలకు. మొదటిసారి నేనూ అలాగే ఒక్కరోజులో మూడు మ్యూజియాలు చుట్టేశాను. రాత్రి పడుకుంటే కాళ్లు లాగేస్తున్నాయి గానీ, కళ్లు మూసుకుంటే ఒక్క ముఖమూ గుర్తురాలేదు. అందుకే నా సలహాలు లోకానికి తలకిందులుగా ఉంటాయి.

1. ఉఫిజీ మ్యూజియానికి వెళ్లకండి. మొదటి ప్రయాణంలో అసలే వద్దు. ప్రతి గదిలోనూ గొప్ప బొమ్మే ఉంటుంది, తర్వాతి గది పిలుస్తూనే ఉంటుంది. దేని ముందూ నిలబడలేరు.

2. మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం కోసం పరుగెత్తకండి. అకాడమియా మ్యూజియంలో 5.17 మీటర్ల డేవిడ్ దూరం నుంచి కనబడగానే జనం గబగబా అటే నడుస్తారు. మీరు దారిలోనే ఆగండి. రెండో జూలియస్ పోప్ సమాధి కోసం మొదలుపెట్టి మైకెలాంజెలో సగంలో వదిలేసిన నలుగురు బందీలు అక్కడుంటారు. వాళ్ల ఒంటి మీద పళ్ల ఉలి గీతలు దువ్వెనతో దువ్వినట్టు కనిపిస్తాయి. అట్లాస్ తల ఇంకా రాతిలోనే ఉంది. చెయ్యి ఎలా పనిచేసిందో నునుపుదేలిన డేవిడ్ చెప్పడు, వీళ్లు చెబుతారు.

3. ఒక పూటంతా ఒక్కరి దగ్గరే గడపండి. డ్యుయోమో మ్యూజియంలో దోనతెల్లో చెక్కిన మేరీ మగ్దలీన్ విగ్రహం ఉంది. పాలరాయి కాదు, చెక్క. జుట్టే బట్టలా ఒళ్లంతా కప్పేసింది. 1966 వరదలో దెబ్బతిన్నాక శుభ్రం చేస్తుంటే, పైపూత కింద ఆ జుట్టుకు వేసిన బంగారం బయటపడింది. చేతులు చూడండి. దణ్ణం పెట్టబోతున్నాయి, ఇంకా కలవలేదు. ఆ కాస్త ఎడమే నన్ను గంటసేపు కదలనివ్వలేదు.

4. చర్చిలో వెంటనే దీపం వెలిగించకండి. చాలాచోట్ల నాణెం వేస్తే బొమ్మ మీద లైటు పడుతుంది. నాణెం జేబులోనే ఉంచండి. సాంతా ఫెలిచితాలో పొంతోర్మో చిత్రం ముందు చీకట్లోనే నిలబడితే, కళ్లు అలవాటుపడే కొద్దీ గులాబీ, లేత నీలం రంగులు ఒక్కొక్కటే తేలతాయి. నాణెం ఆ తర్వాత వేయండి.

5. ఫొటో తీయకండి, బొమ్మ గీయండి. గీయడం రాకపోయినా సరే. బార్జెల్లో మ్యూజియంలో, 1401లో జరిగిన శిల్పుల పోటీకి బ్రునెల్లెస్కి, గిబెర్టి చేసిన కంచు పలకలు రెండూ ఉన్నాయి. కథ ఒకటే, కొడుకును బలివ్వబోయే అబ్రహాం. నేను వంకరటింకరగా గీస్తుంటేనే తెలిసింది: బ్రునెల్లెస్కి పలకలో దేవదూత అబ్రహాం చేతిని గట్టిగా పట్టేసుకున్నాడు. గిబెర్టి దూత ఇంకా గాల్లోనే ఉన్నాడు.

ఇలా చూసిన ప్రయాణంలో నాలుగు రోజుల్లో నాలుగే చూశాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాలుగూ కనిపిస్తాయి.